దాక్కునే చప్పుడు

ఆ పొద్దున బండి చల్లగా లేదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. చెప్పాల్సిన మనిషి ఏ దూరదేశంలోనో లేడు. అనంతపురంలో బస్సెక్కితే గంటన్నరలో ఉరవకొండ, అక్కడ దిగి ఐదు నిమిషాలు నడిస్తే ఆయన ఇల్లు. పెళ్ళిళ్ళకు, చావులకు ఆ దారినే ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ వీధి మొగదలకు వచ్చేసరికి మాత్రం తల అవతలికి తిప్పుకునేవాణ్ణి. ఇంకొకటి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజను ఎందుకు అంత గట్టిగా అరుస్తుందో నేను చెప్పే పాఠం నా దగ్గర నేర్చుకున్నవాళ్ళకు చాలామందికి ఇప్పటికీ గుర్తు. ఆ పాఠంలో ఒక్క ముక్క కూడా నాది కాదు.

ఈ చలికాలంలో ఇంట్లోకి కొత్త కారు కొన్నాం. మొదటి పొద్దున మా అమ్మాయి సీట్లో కూర్చుని బటన్ నొక్కగానే బండి గుర్రుమని లేచింది. నిమిషం పైన అలాగే అరిచి, ఎవరో భుజం తట్టి ఊరుకోబెట్టినట్టు మెల్లగా దిగింది. "ఏం నాయనా, కొత్త బండి గదా, ఇట్లరుస్తాందేంది?" అంది. ఇక నన్ను పట్టగలిగేవాళ్ళు లేరు. రాత్రంతా నూనె అడుక్కు దిగిపోవడం, చలికి లోహం ముడుచుకోవడం, అప్పుడు పెట్రోలు ఎక్కువ కావలసి రావడం అన్నీ చెప్పాను. ఇప్పటి బండ్లలో పొగను శుభ్రం చేసే డబ్బా ఒకటి ఉంటుందనీ, అది వేడెక్కితే గాని పని చేయదనీ, అందుకని బండిలోని కంప్యూటరే కాసేపు ఇంజనును కావాలని వేగంగా తిప్పుతుందనీ చెప్పాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. "నీకివన్నీ ఎవరు చెప్పినారు నాయనా?" అని అడిగింది. "ఎవరు చెప్తారు, నేనే నేర్చుకున్నా" అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక నా ఒళ్ళు నాకే బరువైంది. ఆ వారమే ఉరవకొండకు బయలుదేరాను. కానీ ముందు ఆ రోజుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

మా ఊరు ఉరవకొండకు ఏడెనిమిది మైళ్ళు. శెనక్కాయ బాగా పండిన ఒక ఏడు మా నాయన ఉన్నట్టుండి గుంతకల్లు పోయి పాత పెట్రోలు కారు ఒకటి తెచ్చాడు. గుండ్రటి ముక్కు, పాలమీగడ రంగు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి, రాయదుర్గం సంతకు బాడుగకు తిప్పుదామని ఆయన ఆలోచన. నడిపేవాణ్ణి నేను. ఇరవై ఒకటో ఏడు నాకు. ఆ కారును పెట్టడానికి వేరే చోటు లేక ఎద్దుల కొట్టంలోనే కట్టేశాం. కట్టేశాం అనే అంటాను, ఎందుకంటే నాయన మొదటి రాత్రి దాని ముందు బంపరుకు నిజంగానే పలుపు కట్టాడు. కొట్టం నుంచి బయటికి వాలు ఉంది, బ్రేకు మీద ఆయనకు నమ్మకం లేదు.

తెల్లారి చోక్ పిడి, అంటే చల్ల ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పంపేది, లాగి తాళం తిప్పితే ఆ చప్పుడుకు ఎద్దులు రెండూ పలుపులు తెంపుకుని దడుచుకున్న పిల్లల్లాగా దొడ్డి గోడకు ఆనుకుని నిలబడ్డాయి. నల్లటి పొగ కొట్టమంతా నిండింది. అమ్మ పొయ్యి దగ్గర శెనక్కాయ పొట్టు వేసి నీళ్ళు కాస్తూ ఉండేది ఆ వేళకు. ఆ పొట్టు పొగ, ఈ పెట్రోలు పొగ కలిసి ఒక వాసన వచ్చేది. ఈ రోజుకీ పెట్రోలు బంకులో నిలబడితే నాకు అమ్మ పొయ్యి గుర్తొస్తుంది. పక్కింటి నరసమ్మవ్వ గోడ మీదుగా తల పెట్టి, "ఏమప్పా, మీ బండి కోడికంటే ముందే కూస్తాంది. ఇంగ ఆ కోడిని కోసుకోని తినేదా?" అనేది. రెండు నెలలకు అవ్వే అలవాటు పడింది, ఎద్దులూ పడ్డాయి. ఏ రోజైనా బాడుగ లేక బండి తీయకపోతే మొదటి బస్సు తప్పిపోయినవాళ్ళు మా ఇంటి మీదికి వచ్చి తగాదా పడేవాళ్ళు, వాళ్ళను నిద్ర లేపే పూచీ మాదే అయినట్టు.

నాయనకు ఒక అలవాటు ఉండేది. బండి స్టార్ట్ అయిన తర్వాత ఎంత పెద్దమనిషి వచ్చినా, ఎంత తొందరని మొత్తుకున్నా ఎక్కనిచ్చేవాడు కాదు. బీడీ వెలిగించుకుని బానెట్టు పక్కన నిలబడి, "సప్పుడు దిగనీప్పా, దిగనీ" అనేవాడు. బీడీ సగానికి వచ్చేసరికి ఇంజను గొంతు తగ్గేది. అప్పుడు చోక్ లోపలికి తోయమని నాకు సైగ చేసేవాడు. అదెందుకు దిగుతుందో ఆయనకు తెలియదు. పాలు పొంగి తగ్గినట్టు అది దాని గుణం అనుకున్నాడు. నాకు మాత్రం ఉండబట్టేది కాదు. ఒకే ఇంజను, ఒకే పెట్రోలు. పొద్దున అంత రచ్చ ఎందుకు, మధ్యాహ్నం అంత మర్యాద ఎందుకు? జబ్బేమోనని ఒక మధ్యాహ్నం ఉరవకొండలో ఖాదర్ సాయిబు షెడ్డుకు తీసుకుపోయాను.

ఊరి చివర రేకుల షెడ్డు అది. ముందొక బెంచీ, వెనక నూనె తాగి నల్లబడిన నేల. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో పాత బండి అమ్మాలన్నా కొనాలన్నా ఆయన చెవి మీదే జరిగేది. ఆయన విని సరే అంటేనే బేరం. ఆ మధ్యాహ్నం బానెట్టు తీయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు ఇనను."

"ఏం మామా, పని ఉందా?" అన్నాను. మా ప్రాంతంలో ఆ వయసు సాయిబులను మామ అనే పిలుస్తాం.

"పనేం లేదు. మధ్యాన్నం బండి డాక్టరు ముందర నిలబడిన మనిషి మాదిరి. ఏమైందంటే ఏం లేదంటాది. రాత్రికి ఈడ ఇడిసిపో. పొద్దున లేస్తానే ఏం మాట్లాడతాదో అదే నిజం."

తెల్లవారి మొదటి బస్సుకు పోయాను. ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన టీ గ్లాసు, మీద మూత. మొదటి ఇంజను వినేదాకా ఆయన టీ తాగడు. రేడియో పెట్టనివ్వడు, ఎవరినీ పెద్దగా మాట్లాడనివ్వడు. నన్ను చూసి అడిగాడు. "రాత్రంతా పండుకున్న బండేనా?" ఆయన షెడ్డులోనే ఉన్న బండిని గురించి నన్నడుగుతాడేమని నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, అది ఆయన పద్ధతి. ఎక్కడ విన్నా, ఎవరి బండి విన్నా, ముందు బండి గలాయన నోటితో ఆ మాట అనిపించేవాడు. "పండుకున్న బండే" అని చెప్పాలి. మాకు అది గుడిలో ప్రమాణం కంటే తక్కువది కాదు.

పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది ఆయన దగ్గర, చెక్క పిడి చెవి వంపుకు అరిగిపోయింది. పిడిని చెవికి ఆనించి, కొసను ఇంజను మీద పెట్టి, కళ్ళు మూసుకుని, స్టార్ట్ చేయమని వేలెత్తాడు. చేశాను. ఆయన ముఖం మెల్లగా వెలగడం మొదలైంది. పెళ్ళిలో వాలగకాడు సన్నాయి బాగా వాయిస్తుంటే పెద్దవాళ్ళ ముఖాల్లో కనిపిస్తుందే, అట్లాంటి వెలుగు. నన్ను దగ్గరికి లాగి పిడి నా చెవికి పెట్టాడు. అంతవరకు బయట ఒకే రచ్చగా ఉన్నది లోపల విడివిడి గొంతులైపోయింది.  సంతలో నిలబడి ఉన్నట్టుండి ప్రతి మనిషి మాటా వేరువేరుగా వినబడితే ఎట్లుంటుందో అట్లా ఉండింది.

"ఇంటాండావా అల్లుడా?" అని ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. "పైన టకటకా అనేది చూడు. రాత్రంతా ఆయిలు అడుక్కి దిగిపోయి, సలికి ఆముదం మాదిరి గట్టిపడి ఉంటాది. అది పైకి ఎక్కి వచ్చేదాకా ఇనుము ఇనుముతోనే మాట్లాడుకుంటాది. ఇప్పుడు కింద ఇను. టపటపా అంటాండాది గదా? అది పిస్టన్. సలికి ముడుసుకుపోయి ఉండాది. వదులు సెప్పులేసుకోని నడిస్తే టపటపా అనదా? ఎచ్చబడితే ఉబ్బుతాది, సెప్పు కాలికి సరిపోతాది. ఇంగ ఈ అరుపంతా నీ చోక్. పచ్చి కట్టెలు అంటుకునేకి కిరసనాయిలు ఎక్కువ పోయమా? అంతే. ఎక్కువ పోస్తే ఎక్కువ తిరుగుతాది, ఎక్కువ అరుస్తాది. నీ బండికి జబ్బు లేదప్పా. లేస్తానే గొంతు సవరించుకుంటాండాది."

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. వారానికి రెండు మూడు పొద్దులు మొదటి బస్సుకు ఆయన షెడ్డుకు పోయేవాణ్ణి. రాత్రి విడిచిపోయిన జీపులు, వ్యాన్లు వరసగా నిలబడి ఉండేవి. ఆయన ఒక్కొక్కటే స్టార్ట్ చేయించేవాడు. మేమిద్దరం కళ్ళు మూసుకుని జబ్బు పేరు చెప్పాలి. ఓడినవాడు టీ తెప్పించాలి. మొదటి ఆరు నెలలు ప్రతి టీ నాదే. తర్వాత ఒక పొద్దున ఒక జీపు లేవగానే నేనే ముందు, "పొగగొట్టం ఇంజనుకు కలిసేకాడ లీకు మామా, ఎచ్చబడితే మూసుకుంటాది" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే జేబు తడుముకున్నాడు. ఆ టీ ఇచ్చినంత సంతోషం నాకు పదో తరగతి పాసయినప్పుడు కూడా కలగలేదు. "నా కొడుకులకు ఇనుము ఇనపడదు, అల్లునికి ఇనపడ్డాది" అని బెంచీ మీద ఉన్న ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

అదే రోజుల్లో ఆయన నాకు చెప్పిన ముఖ్యమైన మాట ఒకటుంది. నేను నా స్కూల్లో ఎవరికీ చెప్పని మాట అదొక్కటే. "సల్ల ఇంజనులో చప్పుళ్ళు రెండు రకాలు అల్లుడా. దిగే చప్పుడు, దాక్కునే చప్పుడు. దిగే చప్పుడు మెట్టు మెట్టు దిగుతాది, దానికి భయం లేదు. దాక్కునేది అట్ల కాదు. ఉన్నట్టుండి మాయమైపోతాది. పోయిందనుకుంటాం. యాడికి పోదు, లోపల పగులు ఉంటాది, ఎచ్చకు మూసుకోని కూసుంటాది. ఒక పొద్దు నడిరోడ్డులో బయటికొస్తాది."

తర్వాత వానలు లేని ఏండ్లు వచ్చాయి. మూడో ఏడు శెనక్కాయ మొలకలోనే మాడిపోయింది. ఊరికి మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. బిందెలు వరసలో పెట్టి అమ్మ తెల్లవారుజామునే కూర్చునేది. తాగే నీళ్ళు వంటింటి మూల రెండు ఇత్తడి బిందెల్లో, పైన గుడ్డ కట్టి ఉండేవి. వాటిలో చెంబు ముంచాలంటే నాయన కూడా అమ్మను అడిగేవాడు. ఆ ఎండాకాలం నేను రాయదుర్గం నుంచి పెళ్ళివాళ్ళను తెస్తున్నాను. రేడియేటరు కారుతోందని దారిలో తెలిసింది. వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. బండి ఆపి దారి పక్క ఇంట్లో నీళ్ళడిగితే ఆ ఇల్లాలు, "మాకే గొంతు తడుపుకునేకి లేవు నాయనా" అంది. ఆగి ఇంజను చల్లబడేదాకా కూర్చోవాలి. ఎన్నిసార్లు చెప్పాడు ఖాదర్ మామ, ఎర్రలో అడుగు కూడా కదిలించొద్దని. పెళ్ళివాళ్ళు లగ్నం మించిపోతుందని అరుస్తుంటే నేను కదిలించాను. తొమ్మిది మైళ్ళు కదిలించాను.

మరుసటి పొద్దున చోక్ లాగితే ఆ రచ్చలో ఒక కొత్త గొంతు వినబడింది. బండ మీద రోకలి పోటు లాగా లోతుగా, గట్టిగా. ఐదారు నిమిషాలకు ఉన్నట్టుండి మాయమైంది. మెట్టు మెట్టుగా దిగలేదు.  పిస్టన్ అంచు పగిలిందని అది నాకు చెప్పేసింది. ఇంత బాగా వినడం నేర్పిన మనిషి దగ్గరికి మాత్రం పోలేకపోయాను. పోతే ఒక్క పొద్దులో పట్టేస్తాడు. పట్టేసి నాయనకు చెప్తాడని ఒక భయం. అంతకంటే పెద్ద భయం, అల్లుడు ఎర్రలో నడిపాడని ఆయనకు తెలియడం.

ఆ చలికాలంలో నాయన బండి అమ్మేద్దామన్నాడు. కొనడానికి వచ్చింది గుమ్మఘట్ట వైపు రైతు తిప్పేస్వామి. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే మనిషి, గొంతు పెద్దది, మనసు మంచిది. బాడుగకు తిప్పుకుని బతుకుదామని ఆయనా మా లాగే ఆశపడ్డాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "ఖాదర్ సాయిబు ఇని సరే అనల్ల. దుడ్లు ఆమేలె." డబ్బు ఆ తర్వాతే అని.

అనుకున్న పొద్దున నాయన వెలుతురు రాగానే తిప్పేస్వామిని, ఖాదర్ మామను తీసుకురావడానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న బస్సు స్టాపుకు పోయాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో, నేను, కొనేవాళ్ళు చూస్తారని రాత్రే దొడ్లోకి దించి నిలిపిన బండిని స్టార్ట్ చేశాను. రోకలి పోటు పడింది. కొట్టంలోంచి ఎద్దులు నా వైపే చూస్తున్నట్టనిపించింది. పోటు మాయమయ్యేదాకా తిప్పి, ఆపేసి, రేడియేటరులో కాగిన నీళ్ళు వదిలేశాను. లోపలి వేడి మిగిలి, పైన తాకితే చల్లగా తగలాలంటే రేడియేటరులో మళ్ళీ పోయడానికి, బానెట్టు మీద తడిపి కప్పే గోనెసంచులకు, నీళ్ళు కావాలి. వంటింటి మూల గుడ్డ విప్పి రెండు బిందెలూ ఎత్తుకొచ్చాను. ఊరంతా గుక్కెడు నీళ్ళకు వరసలో నిలబడుతున్న ఆ ఏడు, రెండు బిందెల తాగే నీళ్ళు ఒక అబద్ధం మీద పోశాను. ఖాళీ బిందెలు తెచ్చి పెడుతుంటే అమ్మ పొయ్యి ముందు నుంచి చూసింది.

"నీళ్ళేమైనాయిరా?"

"బండికి పోసినా."

"అంత దప్పికైందా దానికి?" అంది. పొయ్యిలోకి పొట్టు ఎగదోసింది.

వాళ్ళొచ్చేసరికి గోనెసంచులు తీసి దాచేశాను. ఖాదర్ మామ నన్ను చూసి నవ్వి, బానెట్టు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. వేళ్ళకు తడి అంటింది. "ఏం తడిరా ఇది?" అన్నాడు. "మంచు పడింది మామా" అన్నాను. ఆయన ఒక్క క్షణం కారు కప్పు వైపు చూశాడు. తర్వాత రేడియేటరు మూత తీసి వేలు పెట్టాడు. అదీ చల్లగా ఉంది.

"రాత్రంతా పండుకున్న బండేనా అల్లుడా?"

"పండుకున్న బండే మామా."

స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. ఇంజను ఒక్క దెబ్బకు లేచింది. కాసేపు విని, "తొందరగా దిగిపాయనే" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నా వైపు చూశాడు. నేను ఎద్దుల వైపు చూశాను. "సరే తిప్పేస్వామీ, మంచి బండి. తోలుకుపో" అన్నాడు.

మూడు వారాలకు పిస్టన్ ముక్కలై ఇంజను గోడను చీల్చేసింది. ఆ పొద్దున నేను ఖాదర్ మామ షెడ్డు ముందు బెంచీ మీదే కూర్చుని ఉన్నాను. తిప్పేస్వామి బస్సు దిగి నేరుగా వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి, "ఏమప్పా సాయిబూ, నీ చెవి అమ్ముకుంటివా, పోగొట్టుకుంటివా? ఏదో ఒకటి చెప్పు" అని అరిచాడు. అంగళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. నా వైపు తిరిగి, "నీకు తెలుసునా?" అన్నాడు. "నాకేం తెలుసన్నా, నువ్వే ఆయన్ను తెచ్చుకుంటివి" అన్నాను. ఖాదర్ మామ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. మోసగాడని ఒప్పుకోవడమా, చెవిటివాడని ఒప్పుకోవడమా, ఆ రెండే ఆయన ముందున్నాయి. మూడోది నా నోట్లో ఉంది. "అమ్ముకోలేదప్పా" అన్నాడు చివరికి. "పోయినట్లుండాది. బండి ఈడికి తే. నేను మంచిదంటి కాబట్టి నేనే చేసిస్తా."

చేసిచ్చాడు, చేతి కష్టానికి ఏమీ తీసుకోకుండా. ఆ తర్వాత ఆయన ఏ ఇంజనూ వినలేదు. ఎవరైనా బండి తెస్తే, "చెవులు పోయినాయప్పా, వేరేవాళ్ళకు చూపించుకోండి" అనేవాడు. మూడు నాలుగు నెలలకు షెడ్డు వదిలేసి, అదే వీధిలో సైకిళ్ళకు పంచర్లు వేస్తూ కూర్చున్నాడు. నేను అనంతపురం వచ్చేశాను, ఆయన మాటలు మూటకట్టుకుని. అమ్మ పోయే ముందు ఏడు ఒకసారి, "ఆ రెండు బిందెల నీళ్ళు యాడికి పోయినాయో నాకు తెలుసురా. నువ్వే చెప్పల్ల, నేను చెప్పకూడదు" అంది. ఆమె పోయాక కూడా ఆరేళ్ళు చెప్పలేదు.

మొన్న సాయంత్రం కొత్త కారు తీసుకుని ఆ వీధిలోకి తిరిగాను. ఆయన ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. ఆయన కోడలు ఆయన చెవి దగ్గరికి వంగి, "మామా, ఎవరో వచ్చినారు" అని గట్టిగా అరిచింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో అందరూ ఆయనతో అట్లాగే మాట్లాడుతున్నారు. ఆయన నన్ను గుర్తుపట్టాడు. "అల్లుడా" అన్నాడు, అంతే, నిన్ననే బస్సెక్కి పోయినవాణ్ణి పలకరించినట్టు. బండి రాత్రికి ఇక్కడ విడిచిపోతాను, పొద్దున వినాలి అన్నాను. "నాకెందుకప్పా, నా చెవులు…" అంటుండగానే తాళం జేబులో వేసుకుని చిన్నాయన కొడుకు ఇంటికి పడుకోవడానికి వెళ్ళిపోయాను.

తెల్లవారి నేను వచ్చేసరికి ఆయన మంచం కారు పక్కకు జరిగి ఉంది. మంచం మీద టీ గ్లాసు, మీద మూత. ఒళ్ళో ఆ స్క్రూడ్రైవర్. ఎక్కడ దాచిపెట్టుకున్నాడో ఇన్నాళ్ళు.  ఆయన బానెట్టు మీద చెయ్యి వేసి, నా ముఖంలోకి చూసి అడిగాడు.

"రాత్రంతా పండుకున్న బండేనా?"

"పండుకున్న బండే మామా" అన్నాను. ఈసారి అది నిజం.

బటన్ నొక్కాను. బండి గుర్రుమంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముందు ఏమీ కనిపించలేదు ఆ ముఖంలో. తర్వాత నుదురు ముడిపడింది. తర్వాత వేలు లేచింది, చిన్నగా ఆడింది, తాళం వేస్తున్నట్టు. "చోక్ లేదు గదా దీనికి, అయినా అరుస్తాందే. కమాల్, భలే ఉండాది" అన్నాడు. "ఆయిలు తొందరగా ఎక్కుతాంది. పిస్టన్ మెత్తగా ఉండాది. ఆగు… ఆగు. కుడిపక్క కింద చిటచిటా అంటాండాది. రేకు. పొగగొట్టం మీద రేకుకు నట్టు వదులైనాది. ఎచ్చబడితే ఆగిపోతాది సూడు." నేను నేల మీద పడుకుని కిందికి దూరి చూశాను. వేలు పెడితే నట్టు ఆడింది. నేను బయటికి వచ్చేటప్పటికి చప్పుడు ఆగిపోయింది, ఆయన అన్నట్టే. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఏదో నాకే తెలియలేదు. ఆయనా పగలబడి నవ్వాడు. కోడలు గడపలోకి వచ్చి నోరు తెరుచుకుని చూస్తోంది. "టీ నువ్వే తెప్పియ్యల్ల" అన్నాడు నాతో.

అంతలో ఆ నవ్వు ఆగింది. స్క్రూడ్రైవర్ పిడి వైపు చూసుకుంటూ, "ఇది ఇనపడ్డాది. ఈ వయసులో ఇంత సన్నది ఇనపడ్డాది. మరి తిప్పేస్వామి బండి ఎందుకు ఇనపడలేదురా నాకు?" అన్నాడు. నన్నడగలేదు. తన చెవినే అడిగాడు. ఇన్నేళ్ళు ప్రతి పొద్దున అడుగుతూనే ఉన్నట్టున్నాడు.

ఇంజను ఆపాను. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ పొద్దున బండి చల్లగా లేదని చెప్పాను. ఎర్ర ముల్లు సంగతి, రెండు బిందెల సంగతి, గోనెసంచుల సంగతి చెప్పాను.  అంతా అయ్యాక ఆయన, "కప్పు మీద తడి లేదు" అన్నాడు. "మంచు పడితే కప్పు మీద గూడా పడల్ల గదా. ముక్కు మీదే ఉండె. సూసినా నేను. నువ్వు మంచంటివి. నా అల్లుడు చెప్తాండాడు గదా అని నా కంటిని నేనే నమ్మలేదు."

 స్క్రూడ్రైవర్ మంచం మీద పెట్టి ఆయనే, "గుమ్మఘట్టకు గూడా పోవల్ల నువ్వు" అన్నాడు.

"పోతా మామా."

"ముందు ఈడ చెప్పు. గట్టిగా."

కోడలు గడపలోంచి, "మామకు ఇనపడలేదు, ఇంగొకసారి చెప్పన్నా" అంది.

"నాకు ఇనపడ్డాది" అన్నాడు ఆయన. "వీధికి ఇనపడల్ల."

ఎదుటి టీ అంగడిలో నలుగురున్నారు, కొళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళున్నారు. తిప్పేస్వామి ఆ రోజు అరిచింది ఈ వీధిలోనే. నేను లేచి నిలబడ్డాను. మొదటి మాట గొంతులో తట్టుకుని గరగరలాడింది, తర్వాత వచ్చింది. "ఖాదర్ మామ చెవి ఎప్పుడూ పోలేదు. ఆయన చెవి అమ్ముకోనూ లేదు. ఆ పొద్దు నేను బండి ఎచ్చబెట్టి, నీళ్ళు పోసి, రాత్రంతా పండుకున్న బండే అని ఆయనకు అబద్ధం చెప్పినా. ఆయన మీద పడిన మాట నాది. తప్పు నాది. మామా, నన్ను మన్నించు."